పాత ఇంట్లో వాటా కొనాలా, మొత్తం ఇల్లే కొనాలా: ఇంగ్లండ్‌లో తేల్చుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రెండో వారానికల్లా ఈ తగువు మొదలవుతుంది. చేతిలో ఉన్న డబ్బుకి స్టేషన్ పక్కన, ఎత్తైన సీలింగులూ పెద్ద బే కిటికీలూ ఉన్న విక్టోరియా కాలం నాటి ఇంట్లో ఒక అంతస్తు వస్తుంది. అదే డబ్బు పట్టుకుని ఇంకో నలభై నిమిషాలు రైల్లో వెళ్తే, చిన్నదే అయినా, మొత్తం ఇల్లు వస్తుంది. ఇంట్లో ఒకరు ఆ కిటికీలు చూసి మురిసిపోతారు, ఇంకొకరు పెరడు కావాలని పట్టుబడతారు.

కన్వర్టెడ్ ఫ్లాట్ అంటే మనకి అలవాటైన అపార్ట్‌మెంట్ ఫ్లాట్ కాదు. నూరు, నూటయాభై ఏళ్ల కిందట ఒకే కుటుంబం కోసం కట్టిన ఇంటిని తరవాతెప్పుడో వాటాలు వేసి, ఒక్కో వాటాకి ఓ వంటిల్లూ బాత్‌రూమూ తగిలించి, విడివిడిగా అమ్మినది. గోడలూ పైకప్పూ మురుగు గొట్టాలూ మాత్రం ఇంకా ఒక్క ఇంటివే. చిక్కంతా అక్కడే.

నేను మొదట కొన్నది అలాంటి పై వాటానే. రెండో డిసెంబరులో పడగ్గది సీలింగ్ మీద టీ ఒలికినట్టు ఒక మరక కనబడింది. లీజు (ఇక్కడ ఫ్లాట్ కొనడమంటే ఇన్నేళ్లని దానిమీద హక్కు కొనుక్కోవడం, ఆ పత్రమే లీజు) ప్రకారం పైకప్పు ఖర్చు మూడు వాటాలవాళ్లూ పంచుకోవాలి. కింది వాటాయన "మా ఇంట్లో కారట్లేదుగా" అన్నాడు. మధ్య వాటా అద్దెకిచ్చారు, ఓనరు ఎక్కడుంటాడో తెలీదు. ఫ్రీహోల్డర్, అంటే నేలా కట్టడమూ ఎవరి సొంతమో ఆ మనిషి, ఉత్తరాలకి జవాబివ్వలేదు. మంచం ఓ పక్కకి జరిపి, బకెట్ పెట్టుకుని తొమ్మిది నెలలు గడిపాం. అప్పట్నుంచీ ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: గదులు తరవాత చూడొచ్చు, పైకప్పు కారితే ఎవరు బాగుచేయించాలో, ఎవరి డబ్బుతోనో ముందు కనుక్కోండి. కింద చెప్పేదాంట్లో చాలా భాగం ఆ జవాబు రాబట్టడానికే. (ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో ఫ్లాట్లకి ఈ లీజు పద్ధతి దాదాపు లేదు, అక్కడి లెక్క వేరు.)

1. వెతకడానికి ముందే పన్ను లెక్క

ఇండియాలో మీ పేరునో, మీ భార్య లేదా భర్త పేరునో ఇల్లు గానీ ఫ్లాట్ గానీ ఉందా? ఈ ప్రశ్నకి జవాబు తెలీకుండా రైట్‌మూవ్ (ఇక్కడ ఇళ్లు వెతికే వెబ్‌సైట్) తెరవకండి.

2025 ఏప్రిల్ 1 నుంచి స్టాంప్ డ్యూటీ ఇలా ఉంది. మొదటి 1,25,000 పౌండ్లకి ఏమీ లేదు. అక్కణ్నుంచి 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 9,25,000 దాకా 5 శాతం. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకైతే 3,00,000 దాకా సున్నా, ఆపైన 5,00,000 దాకా 5 శాతం. ధర 5,00,000 దాటిందా, రాయితీ మొత్తం ఎగిరిపోతుంది.

ఇక్కడ "మొదటిసారి" అంటే ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంతిల్లు లేనివాళ్లని అర్థం. నాన్నగారి తరవాత వారసత్వంగా వచ్చిన ఇంట్లో వాటా కూడా లెక్కలోకి వస్తుంది. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరూ అలాంటివాళ్లే కావాలి. అంతటితో అయిపోలేదు. ఇండియాలో ఇప్పటికీ ఇల్లుండి, దాంట్లో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించి ఉంటే, ఇక్కడ కొనేది రెండో ఇల్లు కింద లెక్కేసి మొత్తం ధర మీద ఇంకో 5 శాతం వేస్తారు. 2024 అక్టోబరు 31 ముందు అది 3 శాతం ఉండేది. దస్తావేజులో ఒకరి పేరే పెట్టినా లాభం లేదు, భార్యాభర్తల్ని కలిపే చూస్తారు. పొలాలూ ఖాళీ స్థలాలూ మాత్రం ఇల్లు కింద రావు.

అంకెల్లో చూడండి. 3,10,000 పౌండ్ల ఫ్లాట్, 4,20,000 పౌండ్ల ఇల్లు అనుకుందాం. మొదటిసారి కొనేవాళ్లకి ఫ్లాట్ మీద 500, ఇంటి మీద 6,000. ఇండియాలో అపార్ట్‌మెంట్ ఉన్నవాళ్లకి ఫ్లాట్ మీద 21,000, ఇంటి మీద 32,000. చేతిలో పెట్టుకున్న డిపాజిట్‌లోంచి ఈ డబ్బు పోతుంది కాబట్టి, ఇల్లా ఫ్లాటా అన్న ప్రశ్న కొందరికి ఇక్కడే తేలిపోతుంది. కొనడానికి ముందు పన్నెండు నెలల్లో కనీసం 183 రోజులైనా ఈ దేశంలో ఉండనివాళ్లకి ఇంకో 2 శాతం కూడా పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కొన్నాళ్లు ఆగితే ఆ డబ్బు మిగులుతుంది.

2. ఆ ఇంట్లో ఎవరుంటారు, ఏం వండుతారు

ఇది ఏజెంటు అడగడు. అమ్మానాన్నలో అత్తమామలో విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉంటారనుకోండి. పాత ఇంట్లో రెండో అంతస్తుకి వెళ్లే మెట్లు ఒకప్పుడు పనివాళ్ల కోసం వేసినవి: ఇరుకు, నిటారు, మలుపు దగ్గర సగం మెట్టే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒకసారి ఎక్కితే మళ్లీ ఆదివారం దాకా దిగరు.

వంట సంగతీ అంతే. పొద్దున్న ఆరింటికి మిక్సీ, ఎనిమిదింటికి కుక్కర్ విజిళ్లు, ఎండుమిరపకాయల పోపు. ఇంట్లోనైతే అది మీ ఇష్టం. వాటాల ఇంట్లో ఆ చప్పుడూ ఆ ఘాటూ మెట్ల దారిలోంచి అందరిళ్లకీ వెళ్తాయి. "గోడకి కన్నం పెట్టి ఎగ్జాస్ట్ బయటికి తీసేద్దాం" అనుకుంటారేమో, బయటి గోడ చాలా లీజుల్లో మీది కాదు. ఫ్రీహోల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలుకి ఫీజు కూడా అడగొచ్చు.

3. చూడ్డానికే కాదు, వినడానికి కూడా వెళ్లండి

శనివారం మధ్యాహ్నం పెట్టే వ్యూయింగ్‌లో పైవాళ్లు ఇంట్లో ఉండరు. రెండోసారి వారంమధ్యలో సాయంత్రం ఏడింటికి అడగండి. పడగ్గదిలో నిలబడి, ఎవరూ మాట్లాడకుండా ఐదు నిమిషాలు వినండి. ఏజెంటుకి ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఈ ఇళ్లలో అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఉండేది చెక్క దూలాలు, పైన పలకలు, కింద సన్నటి చెక్కబద్దల మీద పూసిన సున్నం. కాంక్రీటు కాదు. ఇంటిని వాటాలు వేసేటప్పుడు శబ్దం ఎంత ఆపాలో, దాన్ని ఎలా పరీక్షించాలో చెప్పే ఇప్పటి నిబంధనలు 2003 జులైలో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం గాలిలో వచ్చే శబ్దాన్ని కనీసం 43 డెసిబెల్స్ ఆపాలి. 1970ల్లోనో 80ల్లోనో వాటాలు వేసిన ఇళ్లకి ఈ పరీక్ష జరగలేదు. కాబట్టి "ఈ ఇంటిని ఏ సంవత్సరంలో ఫ్లాట్లు చేశారు?" అని అడగండి. పై వాటాలో కార్పెట్ ఉందా, తీసేసి లామినేట్ వేశారా అనీ అడగండి. కార్పెట్ తప్పనిసరిగా ఉండాలని చాలా లీజుల్లో రాసుంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పైవాళ్ల వంటిల్లు మీ పడగ్గది నెత్తిన ఉంటే, రాత్రి పదకొండింటికి వాషింగ్ మెషిన్ ఎవరు వేస్తారో మీకు తెలిసిపోతుంది.

ఇంకొకటి. గదిలో చిమ్నీ ఉబ్బు (పొగగొట్టం కోసం గోడలోంచి ముందుకొచ్చే ఇటుకల భాగం) ఉండాల్సిన చోట గోడ చదునుగా ఉంటే, స్థలం కోసం ఎవరో దాన్ని తీసేశారన్నమాట. పై అంతస్తులో ఆ ఇటుకల స్తంభం అలాగే ఉందా? ఉంటే దాని బరువు ఇప్పుడు దేనిమీద నిలబడింది? స్టీలు దూలం వేశారా, కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) సర్టిఫికెట్ ఉందా? ఇది సర్వేయర్ చేత తప్పకుండా చూపించండి. ఇలాంటి ఇళ్లకి రిక్స్ (సర్వేయర్ల సంఘం) చెప్పే రకాల్లో అన్నిటికన్నా వివరమైన లెవెల్ 3 సర్వే చేయించాలి, లెవెల్ 2 సరిపోదు. ఫ్లాట్ ఒక్కటే కాదు, పైకప్పూ బయటి గోడలూ కూడా చూడమని చెప్పండి.

4. లీజు మీరే చదవండి

అసలు పని ఇదే. సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) చదువుతారు, నిజమే. కానీ మీరెలా బతుకుతారో ఆయనకి తెలీదు. లాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో టైటిల్ రిజిస్టర్, అంటే ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం, 7 పౌండ్లకి దొరుకుతుంది. లీజు కాపీ ఏజెంటు ద్వారా అమ్మేవాళ్లని అడగండి. ఆఫర్ పెట్టకముందే అడగొచ్చు, చాలామందికి ఆ సంగతి తట్టదు.

ముందు ఎన్నేళ్లు మిగిలిందో చూడండి. 99 ఏళ్ల లీజు 1985లో రాస్తే ఈపాటికి నలభై ఏళ్లు కరిగిపోయాయి. 80 ఏళ్ల లోపుకి పడిపోయిన లీజుని పొడిగించుకోవాలంటే మామూలు ధర మీద "మ్యారేజ్ వాల్యూ" అని అదనంగా కట్టాల్సిన పద్ధతి ఉంది. బ్యాంకులు కూడా చిన్న లీజు చూస్తే మొహం తిప్పుకుంటాయి. 2024లో పాసైన లీజ్‌హోల్డ్ చట్టం మ్యారేజ్ వాల్యూ తీసేస్తానంది, పొడిగింపు 990 ఏళ్లకి ఇస్తానంది. అయితే చట్టం పాసవడం వేరు, ఒక్కో సెక్షన్ అమల్లోకి రావడం వేరు. రెండేళ్లు ఓనరుగా ఉంటేగానీ పొడిగింపు అడగకూడదన్న నిబంధన మాత్రం 2025 జనవరి 31న పోయింది. మిగతావి మీరు కొనే రోజుకి ఏ స్థితిలో ఉన్నాయో సొలిసిటర్ చేత రాయించుకోండి. "రాబోయే చట్టంతో చవకవుతుంది" అన్న ఏజెంటు మాట మీద డబ్బు పెట్టకండి.

తరవాత గ్రౌండ్ రెంట్, అంటే ఫ్రీహోల్డర్‌కి ఏటా కట్టే నేల అద్దె. 2022 జూన్ 30 నుంచి కొత్తగా రాసిన లీజుల్లో ఇది సున్నా. పాతవాటిలో ఉంటుంది. ఇప్పుడెంత అన్నది కాదు, ఎలా పెరుగుతుందో చూడండి. 250 పౌండ్లు పదేళ్లకోసారి రెట్టింపవుతుందని రాసుంటే, యాభై ఏళ్లకి ఏడాదికి 8,000 అవుతుంది.

ఇక లీజులో మీకు ఏమేమి ఇచ్చారన్నది. ఏజెంటు నిచ్చెన వేసి అటక చూపించి "ఇక్కడ ఇంకో బెడ్‌రూమ్ వేసుకోవచ్చు" అంటాడు. ప్లాన్‌లో మీ వాటా హద్దు చూపే ఎర్ర గీత లోపల ఆ అటక ఉందా? ఉన్నా, పైకప్పు మీది ఖాళీ ఎవరిది? కిటికీ చట్రాలు ఎవరివి? పెరడుకి దారి ఎవరి వాటాలోంచి? నా లీజులో అద్దం నాది, చట్రం ఫ్రీహోల్డర్‌ది. చట్రం పుచ్చిపోయి అద్దం వదులైనప్పుడు ఆ వాక్యం రాసిన మనిషిని ఒక్కసారి కలవాలనిపించింది.

ఆఖరికి ఆ పైకప్పు వాక్యం. బాగుచేయించాల్సింది ఎవరు, ఖర్చు ఏ నిష్పత్తిలో, ముందుగా డబ్బు వసూలు చేసే హక్కు ఉందా లేక పనయ్యాకేనా? కొన్ని పాత లీజుల్లో పైకప్పు పై వాటావాళ్లదే, పునాది కింది వాటావాళ్లదే. అలాంటిచోట పై వాటా కొనడమంటే పైకప్పు మొత్తం ఖర్చు ఒక్కరే నెత్తిన వేసుకోవడం. ఖర్చు పంచుకునే చోట, ఒక్కో వాటామీద 250 పౌండ్లు దాటే పెద్ద పనికి ముందుగా ఓనర్లందర్నీ సంప్రదిస్తూ నోటీసులివ్వాలి, వీటినే సెక్షన్ 20 నోటీసులంటారు. ముప్పై రోజుల చొప్పున రెండు విడతలు. అది మిమ్మల్ని కాపాడే నిబంధనే, కానీ ఈలోగా వాన ఆగదు. మీరు కొన్న మర్నాడే అలాంటి నోటీసు రాకుండా, "ఇప్పటికే ఇచ్చినవి, ఇవ్వబోతున్నవి ఏమైనా ఉన్నాయా?" అని సొలిసిటర్ చేత అడిగించండి. దాంతోపాటు మూడేళ్ల సర్వీస్ ఛార్జ్ (ఉమ్మడి ఖర్చులకి ఒక్కో వాటా కట్టేది) లెక్కలు కూడా తెప్పించండి. సర్వీస్ ఛార్జ్ మరీ తక్కువగా ఉందని సంబరపడకండి. మూడు వాటాల ఇంట్లో "ఏదైనా పాడైతే అప్పుడు చూసుకుందాం" అనే పద్ధతి సాగుతోందని, పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వ్ ఫండ్‌లో పైసా లేదని దానర్థం కావొచ్చు.

5. ఫ్రీహోల్డ్ ఎవరి చేతిలో ఉంది

మూడు రకాలుగా ఉంటుంది. బయటి మనిషో కంపెనీయో ఫ్రీహోల్డర్ అయితే, ఆ పేరు ఇంకో 7 పౌండ్లతో తెలుస్తుంది. ఆ మనిషి జవాబిచ్చే రకమేనా అన్నది ఇప్పుడున్న ఓనర్లే చెప్పాలి. వెళ్లి తలుపు తట్టండి. "నేను పైది కొందామనుకుంటున్నా, ఏమైనా తెలుసుకోవాల్సింది ఉందా?" అంటే చాలు. ఇంగ్లిష్‌వాళ్లు ముభావంగా ఉంటారని మనవాళ్లు అనుకుంటారు గానీ, పైకప్పు గురించి అడిగితే అరగంట ఆపరు.

షేర్ ఆఫ్ ఫ్రీహోల్డ్, అంటే వాటాల ఓనర్లే కలిసి ఫ్రీహోల్డ్ పట్టుకున్నది అయితే అందరూ ఎగబడతారు. మంచిదే, కానీ లీజు అప్పుడూ ఉంటుంది, ఇంటి బాగోగులు చూడాల్సింది మీరూ పక్కవాళ్లే. ఫ్రీహోల్డ్ కంపెనీ పేరున ఉంటే కంపెనీస్ హౌస్ (కంపెనీల రిజిస్టర్ ఉంచే ప్రభుత్వ ఆఫీసు) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడండి. ఏటా పంపాల్సిన కాగితాలు పంపుతున్నారా? ఎవరూ పట్టించుకోక ఆ కంపెనీని రిజిస్టర్‌లోంచి కొట్టేస్తే, దాని ఆస్తి, అంటే మీ ఇంటి నేల, బ్రిటిష్ రాజరికానికి (క్రౌన్‌కి) పోతుంది. వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఖర్చూ కాలయాపనా తప్పవు. రెండే వాటాలున్న ఇంట్లో ఇంకో చిక్కు: ఇద్దరూ ఒప్పుకుంటేనే ఏ పనైనా కదులుతుంది. కాబట్టి మీరు నిజానికి ఎంచుకుంటున్నది ఆ ఒక్క మనిషిని.

మూడోది, ఎప్పుడో ఒకసారి తగిలేది: "ఇది ఫ్రీహోల్డ్ ఫ్లాట్" అంటారు. గొప్పగా వినిపిస్తుంది. కానీ లీజు లేకపోతే, పక్క వాటాకి కొత్తగా వచ్చినవాళ్ల చేత పైకప్పు ఖర్చు కట్టించడానికి చట్టంలో సరైన పట్టు ఉండదు. అందుకే చాలా బ్యాంకులు వీటిమీద అప్పివ్వవు. నేనైతే అక్కణ్నుంచి మెల్లగా బయటికొచ్చేస్తాను.

ఏ అనుమానం వచ్చినా లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ అని ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ఉంది, సలహాకి డబ్బు తీసుకోరు.

6. వాటాలు వేసినప్పటి కాగితాలు

ప్లానింగ్ పర్మిషన్, బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లీషన్ సర్టిఫికెట్, ఉమ్మడి మెట్ల దారికి ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్. ఈ మూడూ అడగండి. లేకపోతే "ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి తీసుకుందాం" అంటారు. ఆ పాలసీ కౌన్సిల్ చర్య తీసుకుంటే నష్టం కడుతుంది తప్ప, మంటలు ఆపదు. ఫ్లాట్ ముఖద్వారం మంటల్ని కాసేపు ఆపే ఫైర్ డోరేనా, దానంతటదే మూసుకుంటోందా అన్నది మీరే చూసుకోవచ్చు, తెరిచి వదిలేయండి.

7. ఇల్లయితే

ఇంటికి ఇంత చదువు అక్కర్లేదు, అందుకే దాని ధర ఎక్కువ. అయినా ఇల్లు అనగానే ఫ్రీహోల్డ్ అనుకోకండి. ముఖ్యంగా వాయవ్య ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఇళ్లు చాలా ఉన్నాయి. కొత్త కాలనీల్లో ఫ్రీహోల్డ్ అయినా రోడ్లకీ పార్కుకీ ఏటా ఎస్టేట్ ఛార్జ్ కట్టించుకుంటారు. అది ఎంత పెరగొచ్చో దస్తావేజులో వెతకండి.

ఇంటితో వచ్చే అసలు లాభం పెంచుకునే హక్కు. కన్జర్వేషన్ ఏరియా (పాత రూపు మార్చకుండా కాపాడే ప్రాంతం) లాంటి అడ్డంకులు లేకపోతే, టెర్రస్ ఇంటికి, అంటే వరసలో గోడకి గోడ కలిపి కట్టిన ఇంటికి, వెనక 3 మీటర్ల దాకా ఒక అంతస్తు గది, అటకలో 40 ఘనమీటర్ల దాకా గది, ప్లానింగ్ పర్మిషన్ లేకుండానే వేసుకోవచ్చు. ఫ్లాట్లకి ఈ హక్కు లేదు. పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ ముట్టుకుంటే 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం రెండు నెలల ముందు నోటీసివ్వాలి. ఇద్దరు పిల్లలు కావాలనుకునేవాళ్లు, పెద్దవాళ్లని తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఈ ఒక్క కారణానికి చిన్నదైనా ఇల్లే కొనడం మంచిదని నా అభిప్రాయం.

అయితే పైకప్పు కారితే పనివాళ్లని మీరే పిలవాలి, డబ్బు మీరే కట్టాలి. లండన్ చుట్టూ బంకమట్టి నేలల్లో ఎండలు ముదిరిన ఏడాది మట్టి కుంచించుకుపోయి గోడలు బీటలిస్తాయి, పెద్ద చెట్టు దగ్గరుంటే ఇంకాను. ఆ ఇంటికి సబ్‌సైడెన్స్ (నేల కుంగడం) చరిత్ర ఉంటే ఇన్సూరెన్స్ ఎవరిస్తారో ముందే తేల్చుకోండి.

8. నెల లెక్క, ఒకే కాగితం మీద

ఫ్లాట్ వైపు మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు కిస్తీ), సర్వీస్ ఛార్జ్, గ్రౌండ్ రెంట్, లీజు పొడిగించాల్సి వస్తే దాని ఖర్చుని ఐదేళ్లకి పంచి వచ్చే అంకె. ఇంటి వైపు మార్ట్‌గేజ్, ఇంటి ఇన్సూరెన్స్, ఎక్కువయ్యే కౌన్సిల్ ట్యాక్స్, హీటింగ్, రైలు పాసు. ఇంటి మరమ్మతులకి నేను ఏడాదికి ధరలో ఒక శాతం పక్కన పెడతాను. ఏ ఏడాదీ సరిగ్గా అంతే అవదు, పదేళ్లమీద సరిపోతుంది. ఫ్లాట్‌కి కూడా కొంత రాసుకోండి, రిజర్వ్ ఫండ్ లేని ఇంట్లో మరీను. రైల్లో పోయే గంటన్నర ఈ కాగితం మీద పట్టదు, దాన్ని మీరిద్దరే తూచుకోవాలి.

మూడు నాలుగేళ్లే ఉంటామనుకునేవాళ్లకి, పెద్ద లీజూ, జవాబిచ్చే ఫ్రీహోల్డరూ, పైన కార్పెటూ ఉన్న ఫ్లాట్ దొరికితే అది మంచి బేరమే. అయితే ఈ మధ్య కొన్నేళ్లుగా ఇంగ్లండ్‌లో ఇళ్ల ధరలు పెరిగినంతగా ఫ్లాట్ల ధరలు పెరగలేదు, అమ్మేటప్పుడు లాభం వస్తుందని లెక్కలో రాసుకోకండి.

ఆఫర్ ఒప్పుకున్నాక కూడా, సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు ఇరువైపులవాళ్లూ ఇచ్చిపుచ్చుకునేదాకా మీకు కట్టుబాటు లేదు. ఫ్లాటైతే, ఫ్రీహోల్డర్ దగ్గర్నుంచి ఎల్‌పీఈ1 (లీజు గురించిన ప్రశ్నలకి జవాబులిచ్చే) ఫారంతో సహా మేనేజ్‌మెంట్ ప్యాక్, అంటే ఇంటి నిర్వహణ కాగితాల కట్ట, రావడానికి వారాలు పడుతుంది, అమ్మేవాళ్లని మొదటిరోజే తెప్పించమనండి. ఆ వారాల్లో బాగా వాన పడే రోజు ఒకటి వస్తుంది, ఇంగ్లండే కదా. ఆ రోజు గొడుగేసుకుని వెళ్లి, రోడ్డుకి అవతల నిలబడి, గట్టర్లలోంచి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. గోడ మీదుగా పచ్చటి చార కిందికి దిగి ఉంటే ఫోటో తీసి, ఆ సాయంత్రమే సర్వేయర్‌కి పంపండి.